తలకు రెండు

మా ముత్తాతను మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ మధ్య ఉన్న పన్నెండు ఊళ్లలో జులపాల పటేల్ అనేవారు. ఆయన గుర్రపు బండి దిగి తలపాగా తీస్తే జుట్టు భుజాల మీద పడేదనీ, అది చూడడానికి పిల్లలు దడుల చాటున నిలబడేవారనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన కొడుకు మా తాత, ఊరికి పోలీసు పటేల్. డెబ్బై దాటి పోయినప్పుడు కూడా నెత్తిన ఒత్తయిన జుట్టుతోనే పోయాడు. ఆయన కొడుకు మా బాపు. బాపు కాలానికి పటేల్‌గిరీ పోయింది, గుర్రపు బండి పోయింది, చెరువు కింది మడి పోయింది, జుట్టు మాత్రం పోలేదు. ఆ రోజుల్లో మాకు ఆస్తి అని చెప్పుకోవడానికి మిగిలింది పెంకులు జారిన ఇల్లు, కట్ట అవతల ఎకరంన్నర నువ్వుల చెల్క, మా ఇంటి మగవాళ్ల నెత్తి మీది జుట్టు. (ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంత గొప్ప కోసమే చెబుతున్నాను. చెప్పుకోవడానికి ఇంకేమీ లేనివాడి గొప్పను పాఠకులు మన్నిస్తారని నమ్మకం.)

నా ఇరవై నాలుగో ఏట ఆ మూడో ఆస్తి కరగడం మొదలుపెట్టింది. అప్పుడే కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం దొరికింది. పొద్దున లేస్తే దిండు మీద వెంట్రుకలు, దువ్వితే దువ్వెనలో వెంట్రుకలు, తుడుచుకుంటే తువ్వాలుకు వెంట్రుకలు. పుస్తకాలు లెక్కపెట్టే ఉద్యోగం చేసేవాడిని కనుక కొన్నాళ్లు అవీ లెక్కపెట్టాను, తరువాత ధైర్యం చాలక మానేశాను.  బాపు నన్ను ఇల్లు తాకట్టు పెట్టి వచ్చినవాడిని చూసినట్టు చూసేవాడు. పైగా ఆ ఏడు ఒక చిక్కు వచ్చి పడింది. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గర మా ఇంటి వారసుడు ముత్తాత తలపాగా పెట్టుకుని వెళ్లి, ఊరందరి ముందు దాన్ని తీసి, వట్టి తలతో జమ్మికి మొక్కాలి. అది మా ఇంటి మర్యాద. బాపుకు మోకాళ్లు పట్టేశాయి. "ఈసారి నువ్వే పోవాలె" అన్నాడు. తలపాగా పెట్టుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. తీయడం గురించే నా దిగులంతా. జులపాల పటేల్ మునిమనుమడు తలపాగా తీసినప్పుడు కింద బీడు పడిన పొలం కనబడితే ఊరు ఏమనుకుంటుంది?

జుట్టు ఎందుకు ఊడుతోందో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. అప్పుడు నాకు ఒక్కడికే తెలియలేదు. కాలేజీ బస్సు పొద్దున్నే వచ్చేది కనుక టీ తాగి ఎక్కేవాడిని. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకునేవారు. నేను డబ్బా తీసుకెళ్లేవాడిని కాదు. మా ఇంట్లో సద్ది కట్టి పొలానికి పంపినవాళ్లు ఉన్నారు గాని సద్ది మూట చంకన పెట్టుకుని పనికి పోయినవాళ్లు లేరు. ఆ వరుస నాతో తెగిపోకూడదని నా పట్టుదల. పోనీ కాలేజీ క్యాంటీన్లో తిందామంటే పళ్లెం పట్టుకుని పిల్లల వెనక వరుసలో నిలబడాలి. అది మరీ కుదరదు. అందుకని పగలంతా రెండు టీలు, బల్ల సొరుగులో దాచిన బిస్కెట్లు. (వంశగౌరవం బిస్కెట్ల మీద బతుకుతోందని ఎవరికీ తెలియకూడదని సొరుగుకు తాళం కూడా వేసేవాడిని.) సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆకలి చచ్చి ఉండేది. అవ్వ పెట్టింది సగం తిని లేచేవాడిని.

అవ్వ అంటే మా నాయనమ్మ, పోలీసు పటేల్ భార్య. ఆమెకు నా దిగులు అద్దం వల్ల తెలిసింది.

"ఏందిరా, పొద్దుగాల్నించి గా అద్దం ముంగట్నే ఉన్నవ్? అరిగిపోతది."

"జుట్టు ఊడుతాంది అవ్వా."

"కడుపుల పడకుంటే నెత్తిన మొలుస్తదా? నువ్వులు దిను. నువ్వులు జుట్టుకు మంచివి."

ఈ మాటల్లో మొదటి సగం నేను వినలేదు. "నువ్వులు జుట్టుకు మంచివి" అన్నది మాత్రం గట్టిగా పట్టుకున్నాను. నువ్వుల నూనె పట్టించాను. ఎవరో చెప్తే ఉల్లిగడ్డ రసం రాసుకున్నాను. ఆ రోజు బస్సెక్కగానే మా డ్రైవరు ముక్కు మూసుకున్నాడు. షామీర్‌పేట మనిషి, తురక మామ, బస్సులో అందరికీ స్టీరింగ్ మామ.

"క్యా పటేలా, పొద్దుగాల్నే మిర్చి బండి వెట్టినవా? బస్సంత ప్యాజ్ వాసన కొడ్తాంది."

నేను కిటికీలోంచి దూరంగా చూశాను. మా వాళ్లు ఎగతాళికి జవాబు చెప్పరు.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. తొమ్మిది రోజులూ అవ్వ చేతిలో రోలు చప్పుడే. మొదటి రోజు నువ్వులు, నూకలు కలిపిన నైవేద్యం, మరునాడు అటుకులు, బెల్లం, ఆ తరువాత ముద్దపప్పు, పాలల్లో నానిన బియ్యం, అట్లు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది కనుక ఏమీ పెట్టరు. ఏడో రోజు వేపకాయల ఆకారంలో పిండివంట. ఎనిమిదో రోజు వెన్నముద్దలు, అంటే నువ్వులు, బెల్లం దంచి వెన్న కలిపి చేసే ముద్దలు. అవ్వ వాటిని పైన మళ్లీ తెల్ల నువ్వుల్లో దొర్లించేది. తొమ్మిదో రోజు సద్దులు, అంటే పెరుగు, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి, పల్లీలు కలిపిన అన్నాలు, వాటితో పాటు మలీద ముద్దలు. అవన్నీ ఎవరెవరికి పంచాలో అవ్వకు కంఠతా వచ్చు. నేను వాటిలో ఒక్కటీ కాలేజీకి తీసుకుపోలేదు.

ఎనిమిదో రోజు పొద్దున సంగతి. మరునాటి నుంచి కాలేజీకి సెలవులు, జమ్మికి ఇంకా మూడు రోజులు. నేను వాకిట్లో నల్లా కింద బకెట్ పెట్టి ముఖం కడుక్కుంటున్నాను. అవ్వ పక్క వాడకు తాంబాళం తేవడానికి బయల్దేరింది. (బతుకమ్మను పేర్చే మా ఇంటి పెద్ద తాంబాళం అప్పటికే అమ్ముడుపోయింది. అయినా ఇది అరువు కాదు. ఇచ్చిపుచ్చుకోవడం.) పోతూ పోతూ గడపలోంచి ఏదో చెప్పింది. నల్లా చప్పుడులో మొదటి మాటలు కొట్టుకుపోయాయి. నాకు వినబడింది ఇంతే:

"...ఉట్టిల గిన్నె ఉంది, దేవునికి తీసి పక్కకు వెట్టిన. తలకు రెండు వెట్టు. జాస్తి వెట్టకు, మళ్ల సాలవు!"

తలకు రెండు పెట్టు. నా చెవులకు అది వైద్యం. నువ్వులు జుట్టుకు మంచివని చెప్పిన అవ్వే ఇప్పుడు మోతాదు కూడా చెప్పింది. ఎక్కువ పెట్టకు, రేపటికీ కావాలి అని జాగ్రత్త కూడా చెప్పింది. ఇంతకంటే స్పష్టంగా ఏ డాక్టరు చెబుతాడు? ఉట్టి దించి రెండు ముద్దలు తీశాను. సరిగ్గా రెండే. చెప్పిన మాట మీరడం మా వంశంలో లేదు. గది తలుపు వేసుకుని, వెన్న, బెల్లం, నువ్వులు మాడుకు పట్టేలా మర్దనా చేసుకున్నాను. బెల్లం కొంచెం గరుకుగా తగిలినా, మంచి మందు ఊరికే ఎక్కుతుందా అనుకున్నాను.

అప్పుడే బయట గజ్జెల చప్పుడు, నవ్వులు. గునుగు, తంగేడు మోపులు నెత్తిన పెట్టుకుని పూలు తెచ్చే ఆడవాళ్లు వచ్చారు. ఏటా వాళ్లే తెస్తారు. ముందు నడిచేది ఒక ముసలామె, అందరికీ పూల పెద్దమ్మ. బాపు మోకాళ్లకు కాపడం పెట్టించుకోవడానికి మేడ్చల్ వెళ్లాడు. ఇంట్లో నేనొక్కణ్ణే, అదీ ఈ అవతారంలో.

"అవ్వా! పూలు దెచ్చినం. ఎవలున్నరు ఇంట్ల?"

 తలుపు కొట్టారు. జులపాల పటేల్ మునిమనుమడు చెంపల మీదికి వెన్న కారుతుంటే ఆడవాళ్ల ఎదుటికి రావడమా? గంభీరంగా గొంతు సవరించుకుని లోపలి నుంచి అరిచాను.

"ఎవ్వలూ లేరు!"

 వెంటనే పూల పెద్దమ్మ గొంతు: "ఎవ్వలు లేకుంటే మాట్లాడేది ఎవలు పటేలా?"

 వాళ్లు పూలను అరుగు మీద దించి వెళ్లిపోయారు. వట్టి చేతులతో వెళ్లిపోయారన్న సంగతి నాకు తట్టనే లేదు. బస్సుకు టైమవుతోంది. రెండు బకెట్ల చన్నీళ్లు కుమ్మరించుకున్నాను. చన్నీళ్లకు వెన్న వదలదని అప్పుడే తెలిసింది. తువ్వాలుతో గట్టిగా తుడిచి, దువ్వి, బస్సెక్కాను.

స్టీరింగ్ మామ ముక్కు ఎగబీల్చాడు. "ఇయ్యాల నెయ్యి వాసన. ప్యాజ్ నుంచి నెయ్యికి తరక్కీ అయితాంది పటేలా."

గ్రంథాలయంలో ఒక గంట బాగానే గడిచింది. తరువాత కిటికీ గట్టు మీంచి నా బల్ల మీదికి, బల్ల మీంచి నా చొక్కా మీదికి చీమలు వరుస కట్టాయి. అంత క్రమశిక్షణతో ఆ గ్రంథాలయంలోకి వచ్చినవాళ్లు వేరే లేరు. వాటిని హుందాగా విదిలిస్తూ, పుస్తకం తీసుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయికి రిజిస్టరు చూపించడానికి తల వంచాను. ఆ అమ్మాయి సంతకం పెట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి స్నేహితురాలి చెవిలో ఏదో చెప్పింది. ఆ గుసగుస బల్లలన్నీ దాటుకుంటూ పోయి నా దగ్గరికే తిరిగి వచ్చింది: "సార్ నెత్తిల ఈపులు!"

ఈపులంటే పేల గుడ్లు. తెల్లని నువ్వు గింజ వెంట్రుకకు అంటుకుంటే అచ్చం ఈపిలాగే ఉంటుంది, నేను కాదనను. పది నిమిషాల్లో గ్రంథాలయం ఖాళీ అయింది. గ్రంథాలయం పెద్దసారు నాకు రెండు బల్లల దూరంలో నిలబడి, ఎంతో మర్యాదగా, "మీరు ఒకసారి డాక్టరమ్మకు చూపించుకుంటే బాగుంటుంది" అన్నాడు. మా ఇంటి మీద దావాలు పడ్డాయి, జప్తులు వచ్చాయి. పేల నింద ఇంతకుముందు ఎప్పుడూ పడలేదు.

వారానికి రెండుసార్లు కాలేజీకి వచ్చే డాక్టరమ్మ అద్దాలు సర్దుకుని నా తల వంచి చూసింది. ఒక గింజ తీసి కాగితం మీద పెట్టింది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇది బెల్లం కదా?"

"వెన్న కూడా ఉంది" అన్నాను. నిజం దాచడం మా ఇంటి పద్ధతి కాదు.

అంతా చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది. ఈ వైపు తిరిగాక మాత్రం కనురెప్పలు లాగి చూసింది, గోళ్లు చూసింది, పొద్దున్నుంచి ఏం తిన్నారని అడిగింది. టీ అన్నాను. మధ్యాహ్నం? టీ. నిన్న? బిస్కెట్లు అన్నాను, వంశంలో తొలిసారి ఆ రహస్యం బయటపెడుతూ.

"ఇంట్లో వంట చేసేవాళ్లు లేరా?"

అది అడగడమే పాపం. మా అవ్వ తొమ్మిది రోజుల్లో ఏమేం చేస్తుందో వరుసగా, వెన్ను నిటారుగా పెట్టి, చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి విన్నది.

"ఆరో రోజు ఏం పెట్టరన్నారు?"

"ఏమీ పెట్టరు. అలిగిన బతుకమ్మ."

"మీరు ఏడాది పొడుగునా ఆ ఆరో రోజే చేస్తున్నారు" అంది. తరువాత మెల్లగా అడిగింది. "మీ ఇల్లు చితికినప్పుడు మొదట ఏం అమ్మారు?"

"గుర్రపు బండి."

"ఎందుకు?"

"అది లేకపోయినా బతకొచ్చు కనుక."

"ఒంటికి జుట్టు కూడా అంతే. తిండి చాలనప్పుడు ఒళ్లు గుండెను, నెత్తురును కాపాడుకుని, ముందుగా జుట్టును వదిలేసుకుంటుంది. అందరికీ ఇదే కారణం కాదు. మీకు మాత్రం ఇదే అనుకుంటున్నాను, నెత్తురు పరీక్ష చేయిద్దాం. మీ అవ్వ చేసే నువ్వులు, పల్లీలు, పప్పు, పెరుగు, బెల్లం, నిమ్మకాయ పులిహోర, అవన్నీ జుట్టుకు కావలసినవే. కాకపోతే అవి వెళ్లే దారి నోరు, నెత్తి కాదు. పండుగ నాడు ఒక్కరోజు తింటే చాలదు, రోజూ తినాలి. నెలలు పడుతుంది. వస్తుంది."

చీటీ మీద నెల రోజులకు మాత్రలు రాసింది. దాని కింద తెలుగులో పెద్ద అక్షరాలతో ఒకే మాట రాసింది: సద్ది. పక్కన, రోజూ.

సాయంత్రం బస్సులో ఎవరూ నా పక్కన కూర్చోలేదు. (ఈపుల వార్త ఎక్కినంత వేగంగా నువ్వుల వార్త ఎక్కదు.) స్టీరింగ్ మామ నన్ను ముందు సీటుకు పిలిచాడు. చీటీ చూపించాను. చదివించుకుని విన్నాడు.

"సద్ది మోసుడు ఇజ్జత్ తక్కువనా పటేలా? నేను రోజు అరవై మందిని మోస్తున్న. నా ఇజ్జత్ ఏమన్న తక్కువాయెనా?" అని సీటు కింది నుంచి డబ్బా తీశాడు. "సగం మిగిలింది. జొన్నరొట్టె, పల్లి తొక్కు. దిను, సిగ్గువడకు. మా ఇంట్ల గూడ పీర్ల పండుగకు రొట్టెలు, బెల్లం కలిపి మలీద జేస్తరు. మీ అవ్వ గూడ సద్దుల నాడు గదే జేస్తది గద? పేరు గూడ అదే. తిండికి మీ ఇల్లు మా ఇల్లు ఉంటదా?"

మేడ్చల్ దాటేలోపు డబ్బా ఖాళీ చేశాను. అంత రుచిగా నేను అంతవరకు ఏమీ తినలేదు. ఆకలితో తినడం అదే మొదటిసారి మరి.

ఇంట్లో అవ్వ పూలు ముందేసుకుని కూర్చుని ఉంది. ముఖం బాగా లేదు.

"పూలోళ్లకు ఎందరికి వెట్టినవ్ ముద్దలు?"

"పూలోళ్లకా?"

"నల్లా కాడ జెప్పి పోలేదా? పూలు దెచ్చెటోళ్లొస్తరు, తలకు రెండు వెట్టమని! గిన్నెల చూస్తే రెండే తక్కువున్నయ్. ఎవలి తలకు వెట్టినవ్?"

"నా తలకు."

"నువ్వొక్కనివే తిన్నవా?"

"తినలేదు అవ్వా. తలకు... పెట్టుకున్న."

అవ్వ నా నెత్తి దగ్గరికి వచ్చి వాసన చూసింది. ఒక గింజ తీసింది. తరువాత స్తంభం పట్టుకుని కిందికి జారి కూర్చుని, పూల మధ్య, కన్నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు అయిపోయాక కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు లేదు.

"జమీన్లు పోయినయ్, బండి పోయింది. ఈ గడపకొచ్చినోళ్లు వట్టి చేతులతోని పోలే ఇన్నేండ్లు. గది ఒక్కటే ఉండె నాకు."

నాకున్న దిగులు జుట్టు. ఆమెకున్న ఆస్తి ఆ గడప మర్యాద. నేను పోగొట్టింది దాన్ని. తలపాగా కింద ఏముంటుందన్న భయం ఆ క్షణంలో చాలా చిన్నదైపోయింది.

"ఏం జెయ్యాలె అవ్వా?"

"జమ్మి కాడికి గంప మోసుకపో. నీ చేత్తోని వెట్టు. తలకు రెండు."

దసరా నాడు ముత్తాత తలపాగా పెట్టుకుని, చంకన వెన్నముద్దల గంపతో జమ్మి దగ్గరికి వెళ్లాను. మా ఇంటి మనిషి చేతిలో గంప ఊరు చూడడం అదే మొదలు. అప్పటికే కథ ఊరంతా తిరిగింది (స్టీరింగ్ మామ చేతిలో బస్సే కాదు, వార్తలూ వేగంగానే పోతాయి). తలపాగా తీశాను. పలచబడిన జుట్టు ఊరందరూ చూశారు. ఎక్కడో నక్కిన ఒక నువ్వు గింజ కూడా జారి జమ్మి ఆకు మీద పడిందని పిల్లలు ఇప్పటికీ అంటారు, నేను ఒప్పుకోను. మొక్కి వెనక్కి తిరిగేసరికి పూల పెద్దమ్మ ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇయ్యాల ఎవలన్న ఉన్నరా పటేలా ఇంట్ల?"

చుట్టూ నవ్వులు. నాకూ నవ్వు వచ్చింది. మా వంశంలో ఎగతాళికి జవాబు చెప్పిన మొదటివాడిని నేనే.

"ఉన్నం పెద్దమ్మా. చెయ్యి పట్టు" అని రెండు ముద్దలు పెట్టాను. ఆమె ఒకటి నోట్లో వేసుకుంది. రెండోది నా చేతిలోనే తిరిగి పెట్టి, "గిది నోట్లె వేస్కో, నెత్తికి కాదు" అంది. గంప అడుగు కనబడేదాకా పంచాను. అవ్వ దూరంగా నిలబడి తలలు లెక్కపెడుతూనే ఉంది.

సెలవులు అయిపోయిన రోజు పాలేర్లకు సద్ది పంపిన పాత డబ్బాను అవ్వ చింతపండుతో తోమి నా చేతికిచ్చింది. మొదటి వారం దాన్ని తాత కాగితాల సంచిలో దాచి తీసుకెళ్లాను. పెరుగు ఒలికి తాత దస్తావేజు ఒకటి తడిసింది. అప్పటి నుంచి చేతిలోనే పట్టుకెళ్లాను. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పప్పన్నం, నిమ్మకాయ పిండిన పులిహోర, చివర ఒక పల్లీల ముద్ద. చలికాలం పోయేసరికి దిండు శుభ్రపడింది. ఉగాదికి నుదుటి మీద కొత్తగా వేసిన నారులాగా సన్నని జుట్టు మొలిచింది. డాక్టరమ్మకు చూపిస్తే, "మీ అవ్వకు నా నమస్కారం చెప్పండి" అంది. చెప్పాను. "ఆమెకు గూడ ఓ రెండు తీస్కపో" అంది అవ్వ.

ఇప్పుడు నేను ఆ గ్రంథాలయానికి పెద్దసారును. స్టీరింగ్ మామ బస్సు మానేశాడు, ఆయన కొడుకు నడుపుతున్నాడు. అవ్వ లేదు. నా నుదురు మళ్లీ వెనక్కి జరుగుతోంది గాని ఇది వయసు చేస్తున్న పని, ఆకలిది కాదు, కనుక నాకు కోపం లేదు. తలపాగా ఇప్పుడు ధైర్యంగానే తీస్తాను. వెన్నముద్దల నాడు మా బిడ్డ రోలు ముందు కూర్చుని ముద్దలు కడుతూ, "బాపూ, తలకు ఎన్ని?" అని అడుగుతుంది, సమాధానం తెలిసే. నేను ఎప్పటిలాగే గంభీరంగా చెబుతాను. దాని జడ నడుం దాటింది. ఆ ఇరవై నాలుగేళ్ల పటేల్‌ను, గది తలుపు వేసుకుని వెన్న మర్దనా చేసుకుంటున్నవాడిని, కనబడితే తలుపు కొట్టి బయటికి పిలవాలనిపిస్తుంది. ఎవరూ లేరని అరుస్తాడు, నాకు తెలుసు.

నువ్వుల చెల్క పోయిన ఏడు అమ్మాం. నువ్వులు మేడ్చల్ అంగట్లో కొంటున్నాం.